ఒక్క సర్వరే ఉక్కిరిబిక్కిరి అవుతోంది, రౌండ్ రాబిన్ మార్చాలా?

ప్రశ్న: అన్నా, మాది చిన్న టీమ్. క్లౌడ్‌లో 4 సర్వర్లు, వాటి ముందు ఒక లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే రిక్వెస్టుల్ని సర్వర్లకి పంచేది) పెట్టాం, సెట్టింగ్స్ ఏమీ ముట్టుకోలేదు, రౌండ్ రాబిన్ మీదే నడుస్తోంది. 3 సర్వర్లు 4 కోర్లవి, ఒకటి మాత్రం పాతది, 2 కోర్లది. మొత్తంగా చూస్తే సీపీయూ సగమే వాడుతున్నాం, కానీ ఆ చిన్నది ఎప్పుడు చూసినా 85, 90 శాతం దగ్గరే ఉంటోంది, యూజర్లేమో స్లోగా ఉందని గోల. మా రిక్వెస్టులు చాలావరకు 50 మిల్లీసెకన్లలో అయిపోతాయి, రిపోర్ట్ డౌన్‌లోడ్ ఒక్కటే 20 సెకన్లు పడుతుంది. లాగిన్ సెషన్ సర్వర్ మెమరీలోనే ఉంది కాబట్టి స్టికీ కుకీ (ఒక యూజర్‌ని ఎప్పుడూ అదే సర్వర్‌కి పంపే గుర్తు) ఆన్ చేశాం. టీమ్‌లో ఒకరు లీస్ట్ కనెక్షన్స్‌కి మారదాం అంటారు, ఇంకొకరు కుకీ ఎందుకు ఐపీ హ్యాష్ (యూజర్ ఐపీ అడ్రస్‌ని బట్టి సర్వర్ ఎంచడం) పెడితే పోద్ది కదా అంటారు. నేను పేపర్లు తిరగేస్తే తేనెటీగల అల్గారిథమ్, చీమల అల్గారిథమ్ అని బోలెడు కనిపించాయి, వాటిల్లో టేబుల్స్ వేసి ఇవే బెస్ట్ అంటున్నారు. అసలు ఏది బెస్ట్? ఇదంతా ఎందుకు, పెద్ద సర్వర్లు తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: తమ్ముడూ, నువ్వు కోర్ల లెక్క, రిక్వెస్ట్ టైమ్, సెషన్ ఎక్కడుందీ అన్నీ రాశావు కాబట్టి సూటిగా చెప్పగలుగుతున్నా, చాలామంది ఇవేవీ చెప్పకుండా ఏది బెస్ట్ అని మాత్రం అడుగుతారు. పేర్లన్నీ కాసేపు పక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసుకో: ఈ పద్ధతి సర్వర్ ఎంచుకునేటప్పుడు దేన్ని లెక్కపెడుతోంది? రౌండ్ రాబిన్ వంతులు లెక్కపెడుతుంది, లీస్ట్ కనెక్షన్స్ ఇంకా పూర్తవ్వని పనులు లెక్కపెడుతుంది, హ్యాష్ అయితే లోడ్ ఊసే ఎత్తదు, ఎవరు వచ్చారు అన్నదే చూస్తుంది. నీ సర్వర్‌ని కుంగదీస్తున్నది ఏదో దాన్ని లెక్కపెట్టే పద్ధతి నీకు కావాలి, మిగతా పోలికలన్నీ దీని తర్వాతే.

ముందు ఆ చిన్న సర్వర్ సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో మిస్టరీ ఏం లేదు, కూడికలూ భాగహారాలే. నీ దగ్గర మొత్తం 14 కోర్లు. సగం వాడుతున్నావంటే 7 కోర్ల పని నడుస్తోంది. రౌండ్ రాబిన్ దాన్ని నాలుగు సమాన భాగాలు చేస్తే ఒక్కో సర్వర్‌కి 1.75 కోర్ల పని పడుతుంది. పెద్దవాటికి అది 4లో 1.75, అంటే దాదాపు 44 శాతం, చిన్నదానికి 2లో 1.75, అంటే 87.5 శాతం. నువ్వు చూస్తున్న 85, 90 ఇదే! స్టికీ కుకీ ఉన్నా కొత్తగా వచ్చే యూజర్లు వంతుల వారీగానే పడతారు కాబట్టి యూజర్లు ఎక్కువమంది ఉంటే లెక్క దాదాపు ఇంతే వస్తుంది. చిన్నదానికి న్యాయంగా రావాల్సింది 7లో ఒక వంతు, నువ్విస్తున్నది 4లో ఒక వంతు.

87 శాతం అంటే ఇంకా 13 మిగిలే ఉంది కదా అనుకోకు. క్యూ సిద్ధాంతంలో అన్నిటికంటే సింపుల్ మోడల్ తీసుకుంటే, ఖాళీ సర్వర్ మీద పట్టే టైమ్‌ని 1 మైనస్ వాడకం అనే సంఖ్యతో భాగిస్తే సగటు టైమ్ వస్తుంది, అంటే 50 శాతం దగ్గర 2 రెట్లు, 80 దగ్గర 5 రెట్లు, 87.5 దగ్గర 8 రెట్లు, 90 దగ్గర 10 రెట్లు. నిజం సర్వర్ మీద అంకెలు అచ్చం ఇలాగే రావు, ముఖ్యంగా కోర్లు రెండుంటే కొంచెం నయం, కానీ వంపు మాత్రం ఇదే, చివర్లో నిట్టనిలువుగా లేస్తుంది. నీ యూజర్లలో నలుగురిలో ఒకరు ఆ నిట్టనిలువు చోట కూర్చున్నారు, గోల పెడుతున్నది వాళ్లే, మిగతా ముగ్గురికీ బాగానే ఉంది కాబట్టి నువ్వు మొత్తం సగటు చూసినప్పుడు బయటపడటం లేదు.

దీంట్లో ఇంకో ప్రమాదం ఉంది, ఇది నాకు నిజంగా భయం వేసే విషయం. రేపు పెద్ద సర్వర్లలో ఒకటి పోయిందనుకో. 7 కోర్ల పని మూడు భాగాలైతే ఒక్కోదానికి 2.33 కోర్లు, చిన్నదాని దగ్గర ఉన్నవే 2, సో అది కూడా పడిపోద్ది. అప్పుడు మిగిలిన రెండు పెద్దవాటికి చెరి 3.5 కోర్లు, అంటే 87.5 శాతం, అవి ఎంతసేపు నిలబడతాయో తెలీదు. ఒక్క సర్వర్ పోతే మిగిలిన 10 కోర్లలో 7 కోర్ల పని హాయిగా నడవాలి నిజానికి, పంపకం సరిగ్గా లేక ఒకదాని వెనక ఒకటి కూలిపోతాయి. నీ ప్రశ్నలో చివరి మాటకి జవాబు కూడా ఇక్కడే ఉంది, పెద్ద సర్వర్లు ఇప్పుడు అక్కర్లేదు, ఉన్నవాటికి పని సరిగ్గా పంచు చాలు.

కాబట్టి ఈరోజే చెయ్యగలిగింది వెయిటెడ్ రౌండ్ రాబిన్. పెద్దవాటికి 2, చిన్నదానికి 1 ఇవ్వు, ప్రతి 7 రిక్వెస్టుల్లో చిన్నదానికి ఒకటే వెళ్తుంది, నాలుగూ 50 శాతం దగ్గరికి వస్తాయి. ఎన్జిన్ఎక్స్, హెచ్ఏప్రాక్సీ అనే బ్యాలెన్సర్ సాఫ్ట్‌వేర్లలో దేంట్లోనైనా సర్వర్ లైన్ పక్కన వెయిట్ అని ఒక్క మాట రాస్తే అయిపోతుంది, పైగా ఎన్జిన్ఎక్స్ వెయిట్ ఎక్కువున్న సర్వర్‌కి వరసపెట్టి కుమ్మరించకుండా మధ్యమధ్యలో మిగతావాటిని కలిపి నున్నగా పంచుతుంది. క్లౌడ్ వాళ్లు రెడీమేడ్‌గా ఇచ్చే బ్యాలెన్సర్లలో మాత్రం ఇది అన్నిచోట్లా ఒకేలా ఉండదు, అమెజాన్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌లో వెయిట్ ఒక్కో సర్వర్‌కి కాదు, టార్గెట్ గ్రూప్‌కి (సర్వర్ల గుంపుకి) ఇవ్వాలి, అంటే ఆ చిన్నదాన్ని వేరే గ్రూపులో పెట్టాలి. నన్నడిగితే అంత తిప్పలు పడేకన్నా ఆ పాత 2 కోర్లది తీసేసి మిగతావాటిలాంటిదే ఒకటి పెట్టుకో. అన్ని సర్వర్లూ ఒకే సైజులో ఉంటే సగం బాధలు తగ్గుతాయి, ఎవరో ఆరు నెలల తర్వాత సైజు మార్చి వెయిట్ మార్చడం మర్చిపోయే ప్రమాదం కూడా ఉండదు.

ఇప్పుడు రిపోర్టులు. ఇక్కడ వెయిట్లు కూడా పనికిరావు, ఎందుకంటే వెయిట్లకి సర్వర్ సైజు తెలుసు గానీ రిక్వెస్ట్ సైజు తెలీదు. 20 సెకన్లని 50 మిల్లీసెకన్లతో భాగిస్తే 400. ఒక్క రిపోర్ట్ సర్వర్‌ని పట్టుకుని కూర్చునే టైమ్‌లో 400 మామూలు రిక్వెస్టులు వచ్చి వెళ్లిపోతాయి, కానీ రౌండ్ రాబిన్ దృష్టిలో రెండూ ఒక్కో వంతే. ఒకేసారి 4 రిపోర్టులు వచ్చాయనుకో, మధ్యలో ఎన్ని చిన్న రిక్వెస్టులు దూరతాయో ఎవరికీ తెలీదు కాబట్టి ఆ నాలుగూ ఎక్కడ పడతాయన్నది దాదాపు లాటరీయే. నాలుగూ నాలుగు వేర్వేరు సర్వర్ల మీద పడే అవకాశం 256లో 24, అంటే పదో వంతు కూడా లేదు. మిగతా అన్నిసార్లూ ఎక్కడో ఒకచోట రెండో మూడో కలిసి పడతాయి, అది ఆ చిన్న సర్వరే అయితే మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టే.

లీస్ట్ కనెక్షన్స్ గెలిచేది సరిగ్గా ఇక్కడే. ప్రతి సర్వర్ దగ్గర ప్రస్తుతం పూర్తికాకుండా ఎన్ని ఉన్నాయో చూసి తక్కువ ఉన్నచోటికి పంపుతుంది. రిపోర్ట్ ఉన్న సర్వర్‌లో ఆ లెక్క 20 సెకన్ల పాటు దిగదు కాబట్టి కొత్తవి దానంతట అవే వేరే చోటికి పోతాయి. దీని వెనక ఒక చక్కటి సూత్రం ఉంది, 1961లో జాన్ లిటిల్ నిరూపించాడు, లిటిల్స్ లా అంటారు: లోపల ఉన్న పనుల సంఖ్య సమానం సెకనుకి వచ్చే పనులు ఇంటూ ఒక్కో పనికి పట్టే టైమ్. ఒక్క సంఖ్యలోనే రాక వేగం, సర్వర్ నిదానం రెండూ ఇమిడిపోతాయన్నమాట, సర్వర్ ఏ కారణంతో స్లో అయినా, డిస్క్ అయినా పక్కింటి వర్చువల్ మెషీన్ గోల అయినా, లోపలి సంఖ్య పెరుగుతుంది, బ్యాలెన్సర్‌కి కారణం తెలియక్కర్లేదు. అందుకే టైమ్‌లలో తేడా ఎక్కువున్న చోట నేను కళ్లు మూసుకుని రౌండ్ రాబిన్ కన్నా దీనికే ఓటేస్తా. హెచ్ఏప్రాక్సీ వాళ్లు కూడా డేటాబేస్ కనెక్షన్ల లాంటి పొడుగు సెషన్లకి ఇదే పెట్టుకోమంటారు. అమెజాన్ వాళ్ల అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌లో చాలాకాలం రౌండ్ రాబిన్ ఒక్కటే ఉండేది, 2019 నవంబర్‌లో లీస్ట్ అవుట్‌స్టాండింగ్ రిక్వెస్ట్స్ అని ఇదే ఆలోచన తెచ్చారు, కనెక్షన్లకి బదులు జవాబు రాని రిక్వెస్టులు లెక్కపెడుతుంది, ఇప్పటి వెబ్‌కి అదే సరైన లెక్క, ఎందుకంటే ఒక్క కనెక్షన్ మీదే వందల రిక్వెస్టులు నడుస్తున్నాయి కదా. సర్వర్ల సైజులు వేరైతే దీనికి కూడా వెయిట్ కావాలి సుమా, 4 కోర్ల దాని దగ్గర 10 ఉంటే ఎంతో 2 కోర్ల దాని దగ్గర 5 ఉంటే అంతే.

కానీ ఆగు, ఇప్పుడే వెళ్లి మార్చేయకు, నీ దగ్గర స్టికీ కుకీ ఉంది! మీ టీమ్‌లో ఎవరూ దీని గురించి మాట్లాడినట్టు లేరు. స్టికీ ఉన్నప్పుడు పద్ధతి పనిచేసేది ఒక యూజర్ మొట్టమొదటిసారి వచ్చినప్పుడు ఒక్కసారే. ఆ తర్వాత ఆ యూజర్ వెయ్యి రిక్వెస్టులు పంపినా, వాటిల్లో పది రిపోర్టులున్నా, అన్నీ అదే సర్వర్‌కి. నువ్వు లీస్ట్ కనెక్షన్స్ కాదు ప్రపంచంలో ఉన్న ఏ అల్గారిథమ్ పెట్టినా బ్యాలెన్సర్ చేతులు కట్టేసి ఉంటాయి. లీస్ట్ కనెక్షన్స్‌కి మారాం, తేడా ఏం రాలేదు అని చెప్పే టీములు ఉంటాయి చూడు, కుకీ తీశారా అని అడిగితే చాలాసార్లు లేదనే వస్తుంది.

ఐపీ హ్యాష్ పెడదాం అన్న మీవాడి మాట వింటే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. ఒక ఆఫీసు మొత్తం ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంటుంది, మొబైల్ నెట్‌వర్కుల్లో అయితే వేలమంది ఒకే ఐపీని పంచుకుంటారు, వాళ్లంతా గుంపుగా ఒకే సర్వర్ మీద పడతారు. ఎన్జిన్ఎక్స్ ఐపీ హ్యాష్ అయితే ఐపీవీ4 అడ్రస్‌లో మొదటి మూడు భాగాలే చూస్తుంది, అంటే చివరి అంకె మాత్రమే వేరుగా ఉన్న 256 అడ్రసులూ ఒకే చోటికి. ముందు సీడీఎన్ (యూజర్లకి దగ్గర్లోంచి పేజీలు అందించే మధ్యవర్తి నెట్‌వర్క్) పెట్టుకుంటే నీ బ్యాలెన్సర్‌కి కనిపించే ఐపీలు సీడీఎన్ వాళ్లవే, నిజం ఐపీ హెడర్లోంచి తీసేలా సెట్ చేయకపోతే పంపకం మొత్తం అస్తవ్యస్తం. ఇంకోవైపు యూజర్ వైఫై నుంచి మొబైల్ డేటాకి మారగానే ఐపీ మారి లాగిన్ పోతుంది. కుకీకి కనీసం ఈ బాధలు లేవు. అమెజాన్ బ్యాలెన్సర్ కుకీకి 1 సెకను నుంచి 7 రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు, రోజుల్లో ఉంటే గంటల్లోకి తగ్గించు, అది తాత్కాలికంగా.

అసలు మందు ఏంటంటే సెషన్ని సర్వర్ మెమరీలోంచి బయటికి తెచ్చెయ్, రెడిస్ అనే ఉమ్మడి మెమరీ స్టోర్‌లో పెట్టు, లేదా సంతకం చేసిన టోకెన్‌గా యూజర్ దగ్గరే ఉంచు. రెండు మూడు రోజుల పని, కానీ దాని తర్వాత ఏ రిక్వెస్ట్ ఏ సర్వర్‌కైనా వెళ్లొచ్చు, సర్వర్ పోతే లాగిన్లు పోవు, రాత్రిపూట రెండు సర్వర్లు ఆపేసుకోవచ్చు. వరస కూడా ఇదే ఉండాలి, వెయిట్, తర్వాత సెషన్, ఆ తర్వాతే లీస్ట్ కనెక్షన్స్.

హ్యాష్ పద్ధతిని నేను తక్కువ చేస్తున్నానని అనుకోకు, దాని చోటు వేరు. క్యాష్ సర్వర్ల (తరచూ అడిగేవి దాచి ఉంచి ఇచ్చేవాటి) ముందు అది బంగారం, ఎందుకంటే ఒకే ఫైల్ ఎప్పుడూ ఒకే సర్వర్‌కి వెళ్తే అక్కడ మెమరీలో రెడీగా ఉంటుంది, అన్ని సర్వర్లూ అన్నీ దాచుకోవాల్సిన పని లేదు. అక్కడ చిక్కు సర్వర్ల సంఖ్య మారినప్పుడు. మామూలుగా హ్యాష్‌ని సర్వర్ల సంఖ్యతో భాగించి శేషం తీసుకుంటే, 4 సర్వర్లు 5 అవగానే 80 శాతం కీలు (ఫైల్ పేర్ల లాంటి గుర్తులు) చోటు మారిపోతాయి, క్యాష్ మొత్తం చల్లబడి వెనకున్న డేటాబేస్ మీద వరద. 1997లో ఎంఐటీలో డేవిడ్ కార్గర్ వాళ్లు కన్సిస్టెంట్ హ్యాషింగ్ తెచ్చింది ఈ బాధకే, అందులో అదే మార్పుకి దాదాపు 20 శాతమే కదులుతాయి, అంటే కొత్త సర్వర్‌కి రావాల్సిన వాటా మాత్రమే. గూగుల్ వాళ్ల లోడ్ బ్యాలెన్సర్ మాగ్లెవ్ కూడా ఈ కుటుంబమే, 2008 నుంచి వాళ్ల దగ్గర నడుస్తోందని 2016లో పేపర్‌లో రాశారు. దీనికున్న లోటల్లా ఏదైనా ఒక్క కీ బాగా పాపులర్ అయితే దాని సర్వర్ వేడెక్కిపోవడం, దానికి గూగుల్ రీసెర్చ్ వాళ్లే ఒక పరిమితి పెట్టే పద్ధతి చెప్పారు, సగటు కన్నా ఇంత శాతం మించితే పక్క సర్వర్‌కి పొంగిపోనియ్యి అని, వీడియో సైట్ విమియో వాళ్లు దాన్ని హెచ్ఏప్రాక్సీలోకి తెచ్చారు. నీ అప్లికేషన్‌కి ఇవేవీ ఇప్పుడు అక్కర్లేదు, ఐపీ హ్యాష్ అన్నమాట మళ్లీ వస్తే చెప్పడానికి పనికొస్తాయని రాశా.

లీస్ట్ కనెక్షన్స్‌కి మారేముందు నా సొంత అనుభవం ఒకటి విను. నేను ఒకప్పుడు చేసిన టీమ్‌లో కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు ఒక సర్వర్‌కి డేటాబేస్ సెట్టింగ్ తప్పు వెళ్లింది. ఆ సర్వర్ ప్రతి రిక్వెస్ట్‌కీ కనెక్ట్ అవ్వబోయి వెంటనే ఎర్రర్ ఇచ్చేస్తోంది, మిగతావి ఒక్కో రిక్వెస్ట్‌కి కష్టపడి పనిచేస్తున్నాయి. లీస్ట్ కనెక్షన్స్ ఏం చూస్తుంది? ఎర్రర్ ఇచ్చే సర్వర్ ఎప్పుడూ ఖాళీగా ఉంది, చకచకా ముగించేస్తోంది, అబ్బ ఎంత మంచి సర్వరో అని మొత్తం ట్రాఫిక్ అటే తోసేసింది. హెల్త్ చెక్ (సర్వర్ బాగుందా అని బ్యాలెన్సర్ చేసే పరీక్ష) ఏమో ఒక ఖాళీ పేజీ, దానికి డేటాబేస్‌తో సంబంధమే లేదు, అది 200, అంటే అంతా బాగుంది, అని పచ్చగా వెలుగుతూనే ఉంది. నాలుగో వంతు పాడవ్వాల్సింది దాదాపు అంతా పాడైంది. రౌండ్ రాబిన్ ఉండుంటే నష్టం నాలుగో వంతు దగ్గర ఆగేది, ఇది దాని గొప్పతనం అని ఒప్పుకోవాలి, దానికి తెలివి లేదు కాబట్టి దాన్ని ఎవరూ మోసం చెయ్యలేరు. జవాబు త్వరగా ఇచ్చే సర్వర్‌కి పంపే లీస్ట్ రెస్పాన్స్ టైమ్ అనే పద్ధతికి కూడా ఇదే జబ్బు, ఇంకా తీవ్రంగా.

అందుకని లీస్ట్ పద్ధతి పెట్టేవాళ్లు ఎర్రర్లని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎన్వాయ్ అనే ఇంకో బ్యాలెన్సర్‌లో అవుట్‌లయర్ డిటెక్షన్ ఉంది, వరసగా ఎర్రర్లు ఇచ్చే సర్వర్‌ని కాసేపు బయట కూర్చోబెడుతుంది. ఎన్జిన్ఎక్స్‌లో ఫెయిల్స్ ఎన్ని దాటితే ఎంతసేపు పక్కన పెట్టాలో రాసుకోవచ్చు, కాకపోతే మామూలుగా అది కనెక్షన్ తెగడం, టైమవుట్ లాంటివాటినే ఫెయిల్ అనుకుంటుంది, 500 ఎర్రర్లని (సర్వర్ లోపలి తప్పుల్ని) కూడా ఫెయిల్ కింద లెక్కపెట్టమని విడిగా చెప్పాలి. అమెజాన్ వాళ్లు 2023 నవంబర్‌లో వెయిటెడ్ ర్యాండమ్ అని మూడో పద్ధతి తెచ్చి దానికి ఈ అనామలీ, అంటే ఏ సర్వర్ తేడాగా ఎర్రర్లు ఇస్తోందో, చూసుకునే పని జోడించారు. హెల్త్ చెక్ కూడా సర్దుకో, అది అప్లికేషన్ నిజంగా పనిచేస్తుందో లేదో చూడాలి. కానీ ఇక్కడో జాగ్రత్త, ప్రతి సర్వర్ హెల్త్ చెక్కూ డేటాబేస్‌ని గట్టిగా అడిగేలా పెడితే, డేటాబేస్ ఒక్క పది సెకన్లు తడబడినా నాలుగు సర్వర్లూ ఒకేసారి అన్‌హెల్తీ అయిపోతాయి. అమెజాన్ బ్యాలెన్సర్ అన్నీ అన్‌హెల్తీ అయితే సరే అని అందరికీ పంపేస్తుంది, ఎన్వాయ్ హెల్తీ సర్వర్లు 50 శాతం కన్నా తగ్గితే ఆ పనే చేస్తుంది, ప్యానిక్ మోడ్ అంటారు, ఇవి ఎందుకు పెట్టారంటే ఇలాంటివి జరుగుతాయి కాబట్టే.

ఇంకో చిన్నది. కొత్త సర్వర్ చేర్చిన క్షణం దాని లెక్క సున్నా, లీస్ట్ కనెక్షన్స్ మొత్తం గుంపుని దాని మీదికి తోస్తుంది, అదేమో ఇంకా వేడెక్కలేదు, కనెక్షన్ పూల్ (ముందే తెరిచి ఉంచే డేటాబేస్ కనెక్షన్లు) ఖాళీ, క్యాష్ ఖాళీ. దీనికి స్లో స్టార్ట్ అని ఉంటుంది, మెల్లగా పెంచుతుంది, అమెజాన్‌లో 30 నుంచి 900 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు, కానీ అది రౌండ్ రాబిన్‌తోనే, లీస్ట్ అవుట్‌స్టాండింగ్ పెడితే స్లో స్టార్ట్ ఉండదు. అక్కడ అప్లికేషనే తనని తాను వేడి చేసుకున్నాకే హెల్త్ చెక్‌కి సరే అనేలా రాసుకోవాలి.

బ్యాలెన్సర్లు ఎక్కువైతే ఇంకో వింత వస్తుంది. పది బ్యాలెన్సర్లు ఒకే పాత లెక్క చూసి, ఈ సర్వర్ ఖాళీగా ఉంది అని పదీ ఒకేసారి దాని మీద పడతాయి, తర్వాత ఇంకోదాని మీద, అలా అల ఊగినట్టు. దీనికి దొరికిన విరుగుడు నాకు ఈ మొత్తం సబ్జెక్టులో అన్నిటికన్నా ఇష్టమైంది: అన్నిట్లో తక్కువది వెతకొద్దు, యాదృచ్ఛికంగా రెండు సర్వర్లని తీసి ఆ రెండిట్లో తక్కువ లోడ్ ఉన్నదానికి పంపు. అంతే! 1994లో అజార్, బ్రోడర్, కార్లిన్, ఉప్ఫాల్ అనే నలుగురు లెక్క కట్టారు, 1996లో మైకేల్ మిట్జెన్‌మాకర్ తన పీహెచ్‌డీలో సర్వర్ల మీదికి తెచ్చాడు. ఒక్కటే గుడ్డిగా ఎంచుకుంటే ఎక్కువ లోడ్ పడే సర్వర్ మీద భారం ఒక లెక్కన పెరుగుతుంది, రెండు చూసి ఎంచుకుంటే ఆ పెరుగుదల లాగరిథమ్‌కి లాగరిథమ్ అంత చిన్నదైపోతుంది, రెండు బదులు మూడు చూస్తే మాత్రం అదనంగా కలిసొచ్చేది కొంచెమే. అందరూ ఒకేదాని మీద పడే గుంపు స్వభావం కూడా పోతుంది. ఎన్వాయ్‌లో లీస్ట్ రిక్వెస్ట్ అని పెడితే, సర్వర్ల వెయిట్లు సమానంగా ఉన్నప్పుడు లోపల జరిగేది ఇదే, ఎన్జిన్ఎక్స్‌లో 2018లో ర్యాండమ్ టూ అని వచ్చింది. మీరు రేపు కుబెర్నెటీస్‌కి (కంటైనర్లలో అప్లికేషన్లని నడిపే వ్యవస్థకి) వెళ్తే గుర్తుపెట్టుకో, అక్కడ ఐపీటేబుల్స్ మోడ్‌లో సర్వీస్ వెనకున్న పాడ్స్‌కి (అప్లికేషన్ కాపీలకి) పంపకం ఉత్తి ర్యాండమ్, అదీ కనెక్షన్‌కి ఒక్కసారి, కాబట్టి జీఆర్‌పీసీ (సర్వీసులు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతి) లాంటివి ఒకే కనెక్షన్ తెరిచి గంటలు గంటలు వాడితే కొత్తగా చేర్చిన పాడ్స్ ఖాళీగా కూర్చుంటాయి.

అలాగే నెట్‌వర్క్ స్థాయిలో పనిచేసే బ్యాలెన్సర్లు, అమెజాన్ నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్, అజ్యూర్ లోడ్ బ్యాలెన్సర్ లాంటివి, ప్రోటోకాల్, ఇద్దరి ఐపీలు, ఇద్దరి పోర్టులు కలిపి హ్యాష్ చేసి పంపుతాయి, వాటికి రిక్వెస్ట్ అంటే ఏంటో తెలీదు, మీ రిపోర్ట్ సమస్యని అవి తీర్చలేవు. డీఎన్ఎస్‌లో (సైట్ పేరుకి ఐపీ చెప్పే వ్యవస్థలో) నాలుగు ఐపీలు తిప్పి ఇవ్వడం అనేది ఇంకా పాతది, మధ్యలో ఆ ఐపీలు వెతికిపెట్టే రిజాల్వర్లు జవాబులు దాచుకుంటాయి కాబట్టి నీ చేతిలో ఏమీ ఉండదు.

తేనెటీగలు, చీమల సంగతి. అవి తప్పు అనను, కానీ ఆ పేపర్లలో చాలావాటి ప్రశ్న వేరు, ఈ వెయ్యి పనుల్ని ఏ వర్చువల్ మెషీన్ల మీద ఏ వరసలో వేస్తే మొత్తం త్వరగా అవుతుంది అని. మిన్-మిన్, మ్యాక్స్-మిన్ అనే పద్ధతులు కూడా అంతే, పని ఎంతసేపు పడుతుందో ముందే తెలియాలి. పోలికలు ఎక్కువగా క్లౌడ్‌సిమ్, క్లౌడ్‌అనలిస్ట్ లాంటి సిమ్యులేటర్లలో చేస్తారు, ఆ రెండూ మెల్‌బోర్న్ యూనివర్సిటీలో రాజ్‌కుమార్ బుయ్యా గారి ల్యాబ్ నుంచి వచ్చినవి, పరిశోధనకి మంచి పరికరాలు. కానీ సిమ్యులేటర్‌లో సర్వర్ తప్పుడు సెట్టింగ్‌తో లేవదు, స్టికీ కుకీ ఉండదు, ఒక ఆఫీసంతా ఒకే ఐపీలోంచి రాదు. 50 మిల్లీసెకన్ల రిక్వెస్ట్‌కి చీమల దారి లెక్కకట్టే టైమ్ కూడా లేదు. చదువుకి చదువు, ప్రొడక్షన్లో మాత్రం నువ్వు రాత్రి రెండింటికి లేచి చూసినా అర్థమయ్యే పద్ధతి పెట్టుకో.

ఇక రిపోర్టులకి నా అసలు సలహా, బ్యాలెన్సర్ దారిలోంచే తీసెయ్. యూజర్ బటన్ నొక్కితే పని ఒక క్యూలో పడాలి, వెంటనే తయారవుతోంది అని జవాబు వెళ్లాలి, వెనక విడిగా ఉన్న వర్కర్లు ఒక్కోటి తీసుకుని చేసి ఫైల్ ఒకచోట పెట్టాలి. ఇందులో ఎవరూ ఎవరికీ పంచరు, ఖాళీ అయిన వర్కర్ తనే వచ్చి తీసుకుంటుంది, నిదానంగా ఉన్నది తక్కువ తీసుకుంటుంది, చచ్చిపోయింది అసలు తీసుకోదు. లోడ్ ఊహించాల్సిన పనే లేని బ్యాలెన్సింగ్ ఇది. పాత 2 కోర్ల సర్వర్‌ని పారేయబుద్ధి కాకపోతే దీనికి వాడుకో. రిపోర్టులు పోయాక మిగిలేవన్నీ 50 మిల్లీసెకన్లవే, అప్పుడు రౌండ్ రాబిన్‌కీ లీస్ట్ కనెక్షన్స్‌కీ తేడా చాలా తగ్గిపోతుంది, అయినా లీస్టే ఉంచు, ఏదో ఒక సర్వర్ కారణం లేకుండా నిదానించే రోజు వస్తుంది.

కొలిచేటప్పుడు నాలుగు సర్వర్ల సీపీయూ గీతలు ఒకదానిమీద ఒకటి పడాలని తాపత్రయపడకు. 2024లో గూగుల్ వాళ్లు ప్రీక్వల్ అనే తమ పద్ధతి గురించి రాసిన పేపర్‌లో గట్టిగా చెప్పింది కూడా ఇదే, సీపీయూ సమానం చేయడం కోసం కాదు మనం ఉన్నది, యూజర్‌కి జవాబు త్వరగా వెళ్లడం కోసం, అందుకే వాళ్లు సర్వర్లని అడిగి లోపల ఎన్ని రిక్వెస్టులున్నాయి, టైమ్ ఎంత పడుతోంది అన్నవాటిని బట్టి పంపుతారు. నువ్వు సర్వర్ వారీగా పీ99 చూడు, అంటే వందలో నిదానమైన ఆ ఒక్క రిక్వెస్ట్ ఎంత పడుతోందో, పక్కనే సర్వర్ వారీగా ఎర్రర్ల గీత. ఒక్కో మార్పుకి మధ్య రెండు మూడు రోజులు గ్యాప్ ఇవ్వు, అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలీదు.

సర్వర్ తీసేటప్పుడు పాత రిక్వెస్టులు ముగిసేదాకా ఆగే టైమ్ అమెజాన్‌లో మామూలుగా 300 సెకన్లు ఉంటుంది, 20 సెకన్ల రిపోర్టులు ఉన్నంతకాలం దాన్ని బాగా తగ్గించేయకు, అవి క్యూలోకి వెళ్లిపోయాక 30కి తెచ్చుకుంటే కొత్త వెర్షన్లు పెట్టడం చకచకా అయిపోతుంది. వెయిట్లు మార్చి, సెషన్ రెడిస్‌లోకి తెచ్చాక సర్వర్ వారీ పీ99 గ్రాఫ్ ఒకటి, రద్దీ టైమ్‌లో నిమిషానికి ఎన్ని రిపోర్టులు అడుగుతున్నారో ఆ అంకె ఒకటి రాసి పంపు. నిమిషానికి 6 అయితే ఒక్కోటి 20 సెకన్లు కాబట్టి సగటున 2 వర్కర్లు ఎప్పుడూ బిజీ, అంటే కనీసం 4 పెట్టుకోవాలి, నీ అంకె వచ్చాక సరిగ్గా లెక్కేసి చెప్తా.